పాదరక్ష: గడపకు ఇవతల, అవతల

భారతదేశంలో ఏ ప్రాంతానికి వెళ్లినా తప్పక కనిపించే దృశ్యం ఒకటున్నది. అది గడప బయట వరుసగా విడిచిన చెప్పులు. తిరుమల కొండ మెట్లను వేలాది భక్తులు వట్టి కాళ్లతో ఎక్కుతారు. అజ్మీర్ దర్గాలోకి అడుగుపెట్టేవారు చెప్పులు బయటనే విడుస్తారు. అమృతసర్ స్వర్ణదేవాలయంలో యాత్రికుల పాదరక్షలను భద్రపరచడం ఒక సేవగా పరిగణింపబడుతున్నది. సంపన్నులు సైతం ఆ పనికి స్వచ్ఛందంగా పూనుకుంటారు. భాష, ఆహారం, వేషం వేరైనా గడప వద్ద మాత్రం ఈ దేశమంతా ఒకే మర్యాదను పాటిస్తున్నది.

అయితే ఈ మర్యాద వెనుక ఒక చిక్కు ప్రశ్న దాగి ఉన్నది. వట్టి కాళ్లతో నడవడం భక్తికి చిహ్నమా, పేదరికానికి గుర్తా, ఆరోగ్యానికి మార్గమా, లేక అవమానానికి సాధనమా? ఈ నాలుగూ మన చరిత్రలో నిజమే. అందుచేత ఈ విషయాన్ని కొంత నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

నేలను బట్టి పాదరక్ష

పాదరక్షల రూపాన్ని మొదట నిర్ణయించినది నేల, వాతావరణం. కాశ్మీరంలో గడ్డితో అల్లిన పుల్హోరు మంచులో కాలు జారకుండా కాపాడేది. హిమాచల్‌లోని కులూ లోయలో నారతో అల్లే 'పూల' ఈనాటికీ ఇంటిలోపల, దేవాలయ ప్రాంగణంలో ధరింపబడుతున్నది. తోలు కాదు గనుక అక్కడ దానికి నిషేధం లేదు. పంజాబు జుత్తీ, రాజస్థాన్ మోజరీ ఎండిన నేలకూ ఇసుకకూ తగినవి. కొల్హాపురి చెప్పు దక్కను పీఠభూమిలోని రాతినేలపై పుట్టినది. ఈ చెప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు అది ఒక రాష్ట్రానికి పరిమితం కాలేదు. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలకు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకు ఉమ్మడిగా దక్కినది. చేతిపనికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు కదా!

ఇక వరి పండే మాగాణి ప్రాంతాల సంగతి వేరు. దమ్ము చేసిన మడిలో చెప్పు నిలువదు, బురదలో కూరుకుపోతుంది. గోదావరి డెల్టాలో గాని, తంజావూరులో గాని, వంగదేశంలో గాని నాట్లు వేసేవారు వట్టి కాళ్లతోనే మడిలో దిగుతారు. దానిని అజ్ఞానమని చెప్పడం పొరపాటు. అది పనికి తగిన పద్ధతి.

లాభమెంత, నష్టమెంత?

వట్టి కాళ్లతో నడవడం వలన పాదానికి కలిగే మేలును గురించి మన దేశంలోనే ఒక ప్రసిద్ధ పరిశీలన జరిగినది. మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 4 నుండి 13 ఏళ్ల వయస్సు గల 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ఫలితాలను ప్రకటించారు. బూట్లు, చెప్పులు ధరించే పిల్లలలో 8.6 శాతానికి అరికాలి వంపు లేని చదును పాదాలు ఉండగా, వట్టి కాళ్లతో తిరిగే పిల్లలలో అది 2.8 శాతమే. ముందుభాగం మూసి ఉండే బూట్లు ధరించేవారిలో ఈ లోపం అధికంగానూ, చెప్పులు ధరించేవారిలో తక్కువగానూ కనిపించినది. ఎదిగే వయస్సులో బిగువైన బూట్లు అరికాలి వంపు ఏర్పడడానికి అడ్డురావచ్చునని దీనివలన వైద్యులు అభిప్రాయపడ్డారు.

కాని నాణేనికి రెండవ వైపు కూడా ఉన్నది. కొంకిపురుగు నోటి ద్వారానే శరీరంలో ప్రవేశిస్తుందని పూర్వం భావించేవారు. 19వ శతాబ్ది చివర కైరోలో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్ చేతిపై పొరపాటున ఆ పురుగు డింభకాలు ఒలికినవి. అవి చర్మాన్ని దొలుచుకొని లోనికి పోయినవని ఆయన గుర్తించారు. మలంతో కలుషితమైన తడినేలపై నడిచే వట్టి కాలే వాటికి ప్రధాన ద్వారం. రక్తంలో ప్రయాణించి, ఊపిరితిత్తులను దాటి, అవి చిన్నప్రేగులో చేరి రక్తాన్ని పీలుస్తాయి. రోగి క్రమంగా పాలిపోతాడు. పిల్లవాడు చదువులో వెనుకబడతాడు. గర్భిణికి రక్తహీనత ముదురుతుంది. 2015 నుండి మన దేశంలో జరుపుతున్న జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు పాఠశాలల్లో మాత్రలు మింగించడంతో పాటు, మరుగుదొడ్డిని వాడడం, పాదరక్షలు ధరించడం బోధించడానికి కారణమిదే.

పాముకాటు మరొక ప్రమాదం. 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం 2000-2019 మధ్య భారతదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారు. మరణాలు అధికంగా నమోదైన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలు కూడా ఉన్నవి. కాట్లలో అధికభాగం కాలిపైననే పడతాయి. రాత్రివేళ పొలానికి నీరు పెట్టడానికి వెళ్లే రైతుకు దీపమూ, కాలికి దిట్టమైన పాదరక్షా ఉండడం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

మధుమేహం గాని, కుష్ఠువ్యాధి గాని పాదంలో స్పర్శజ్ఞానాన్ని నశింపజేసినప్పుడు ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరి కాలు తీయవలసిన స్థితి వస్తుంది. అట్టివారు ఇంటిలోపల కూడా మెత్తని చెప్పు లేకుండా నడవరాదు. కుష్ఠురోగుల పాదాలను రక్షించే మెత్తని రబ్బరు చెప్పులను రూపొందించడంలో వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం చేసిన కృషి చిరస్మరణీయం.

విడవమని ఆజ్ఞాపించినప్పుడు

స్వేచ్ఛగా చెప్పులు విడవడం వినయం. మరొకరి ఆజ్ఞపై విడవడం అవమానం. ఈ తేడాను 1862లో సూరత్ న్యాయస్థానంలో మాణెక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పార్సీ పెద్దమనిషి స్పష్టం చేశారు. ఆయన ఆ న్యాయస్థానంలో అసెసరు. జిల్లా సెషన్సు జడ్జి ఎదుట బూట్లు విడవడానికి ఆయన నిరాకరించారు. భారతీయులు దేవాలయంలో, ఇంటిలో చెప్పులు విడుస్తారు గనుక న్యాయస్థానంలోనూ విడవాలని ఆంగ్లేయుల వాదం. ఇల్లు వేరు, గుడి వేరు, బహిరంగ స్థలం వేరని భారతీయుల సమాధానం. లోనికి రానీయకపోగా ఆయన బొంబాయి గవర్నరుకు నిరసన లేఖ పంపారు.

పరాయి పాలకుల అహంకారాన్ని ఖండించిన సమాజమే తన గ్రామాలలో అదే పని చేసినదని అంగీకరించక తప్పదు. అస్పృశ్యులని ముద్రపడినవారు అగ్రవర్ణాల వీధిలో నడవవలసి వస్తే చెప్పులు విడిచి చేతబట్టుకోవలసిన దురాచారం దేశంలో పలుచోట్ల ఉండేది. ఇందులోని క్రూరత్వం ఏమనగా, ఆ చెప్పులను కుట్టినవారు వారే. తెలుగునాట మాదిగలు చెప్పులతో పాటు నీరు తోడే కపిలె బానను, ఎడ్ల పట్టెడలను తయారుచేసి వ్యవసాయాన్ని నిలబెట్టారు. కాశీలో చెప్పులు కుట్టుకుంటూ సంత్ రవిదాస్ భక్తిని బోధించారు. కన్నడదేశంలో 12వ శతాబ్దికి చెందిన శరణుడు హరళయ్య కూడా ఆ వృత్తివాడే. అయినను ఊరు వారిని వెలుపలనే ఉంచినది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి చట్టం దానిని శిక్షార్హమైన నేరంగా చేసినది. చట్టం చేసిన పనిని మనసు పూర్తిచేయవలసి ఉన్నది.

గాంధీజీ దక్షిణాఫ్రికాలో చెప్పులు కుట్టడం నేర్చుకున్నది కూడా ఈ దృష్టితోనే గమనార్హం. తనను చెరలో పెట్టిన జనరల్ స్మట్స్‌కు 1914లో ఆయన స్వహస్తాలతో కుట్టిన చెప్పుల జతను కానుకగా ఇచ్చారు.

జైపూర్ పాదం

ఈ ప్రశ్నకు అత్యుత్తమ సమాధానం ఒక ఆసుపత్రిలో లభించినది. కాలు కోల్పోయినవారికి అమర్చే పాశ్చాత్య కృత్రిమ పాదం బూటు తొడగడానికి అనువుగా తయారైనది. చీలమండ వద్ద కదలిక లేనందున దానితో గొంతుక్కూర్చోవడం గాని, పీట వేసుకొని భోజనం చేయడం గాని, ఎగుడుదిగుడు పొలంగట్టుపై నడవడం గాని కష్టం. బూటు విడిచి గుడిలోకి, వంటింటిలోకి వెళ్లడం అంతకంటె కష్టం. అందుచేత పల్లె ప్రజలు దానిని తీసుకొని వెళ్లి ఇంటిలో మూలన పడవేసేవారు.

జైపూర్‌లో ఎముకల శస్త్రవైద్యుడు డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ ఈ వైఫల్యాన్ని రోగి తప్పుగా భావించలేదు. పెద్ద చదువులు లేని శిల్పి రామచంద్ర శర్మతో కలిసి ఆయన 1960 దశకం చివర కొత్త పాదాన్ని రూపొందించారు. రబ్బరు, కొయ్య, టైరు దారాలతో అచ్చులో పోసి తీసిన ఆ పాదానికి వేళ్లున్నవి. రంగు చర్మాన్ని పోలినది. అన్ని వైపులకూ వంగుతుంది. నీటిలో తడిసినా చెడదు. దానిని ధరించి రైతు మడిలో దిగవచ్చు, స్త్రీ నేలపై కూర్చుని వంట చేసుకోవచ్చు, బూటుతో పనిలేకుండా వట్టి కాలితో నడవవచ్చు. 1975లో స్థాపితమైన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి దీనిని పేదలకు ఉచితంగా అందించింది. 1981లో డాక్టర్ సేఠీకి మాగ్సెసే పురస్కారం లభించినది.

తెలుగువారికి ఈ పాదం సుపరిచితమే. 1981లో ప్రమాదంలో కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూర్ పాదంతో మరల రంగస్థలమెక్కి భరతనాట్యం చేశారు. ఆమె కథ ఆధారంగా 1985లో తెలుగులో 'మయూరి' చిత్రం వచ్చినది; అందులో ఆమెయే నటించారు. భరతనాట్యం వట్టి కాళ్లతో చేసే కళ. బూటుకోసం తయారైన పాదంతో అది అసాధ్యం.

నిర్ణయం ఎవరిది?

కావున 'చెప్పులు మంచివా, వట్టి కాళ్లు మంచివా' అనే ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. శుభ్రమైన ఇంటిలో, ఆటస్థలంలో పిల్లవానిని వట్టి కాళ్లతో పరుగెత్తనివ్వడం మేలు. పెంటదిబ్బ వద్ద, రాత్రి పొలంలో, కాలే తారురోడ్డుపై, కర్మాగారంలో పాదరక్ష తప్పనిసరి. కాశీ విశ్వనాథాలయ ప్రాంగణంలో తోలు, రబ్బరు చెప్పులు నిషిద్ధం గనుక చలికాలంలో వట్టి కాళ్లతో పనిచేస్తున్న సిబ్బందికి 2022 జనవరిలో జనపనార చెప్పులు పంపడం జరిగినది. ఆచారమూ చెడలేదు, కాలూ చలికి గురికాలేదు.

గడప బయట చెప్పులు విడిచే సంప్రదాయం నిలువదగినదే. కాని విడవడానికి ముందుగా ప్రతివారి కాలికీ చెప్పు ఉండాలి. విడవాలా వద్దా అనే నిర్ణయం ఆ కాలు గలవారిదే కావాలి.