పెచ్చులూడిన రంగు వెనుక లెక్క

వారమంతా క్లయింట్ల కోడ్‌తో కుస్తీ పట్టి, శనివారం గరాజ్‌లో కూర్చుని ప్లాస్టిక్ విమానాలు అతికించుకోవడం నా అలవాటు. మొదట్లో చేసిన ఒక మోడల్‌ని గర్వంగా ఇక్కడి మోడలింగ్ క్లబ్బుకి పట్టుకెళ్ళాను. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం వాడిన కవసాకి కి-61 ‘హియెన్’, 1/48 స్కేలు. బాగా వాడిన విమానంలా కనబడాలని ఆకుపచ్చ రంగు మీద అంతటా వెండి చుక్కలు పెట్టాను. ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “తోక దగ్గర రడ్డర్ మీద వెండి ఎక్కణ్ణుంచి వచ్చింది? అక్కడ ఉండేది గుడ్డ కదా!” అన్నారు.

నిజమే. ఆ విమానానికి రడ్డర్, ఎలివేటర్, ఎయిలరాన్‌ల మీద గుడ్డే తొడిగేవారు. రంగు పోతే కింద గుడ్డ కనిపించాలి గానీ లోహం కాదు. నేను చేసింది రాండమ్ నంబర్లతో చుక్కలు పెట్టడం. ప్రతి బగ్‌కీ ఒక కారణం ఉన్నట్టే, ఊడిన ప్రతి పెచ్చుకీ ఒక కారణం ఉంటుందన్నమాట.

మరి హియెన్‌కి రంగు ఎందుకు అంతగా ఊడేది? 1943లో న్యూగినీకి వెళ్ళిన ఈ విమానాల్లో చాలావాటికి, ప్రైమర్ పూత లేకుండా అల్యూమినియం మీదే ఆకుపచ్చ రంగు కొట్టారు. పట్టు లేని రంగు ఎండకీ వానకీ పెచ్చులుగా లేచిపోయింది. బ్రిటిష్ వారి మస్కిటో సంగతి వేరు. దాని ఒళ్ళు చాలావరకు చెక్కే, కాబట్టి దాని రెక్కల మీద వెండి చుక్క పెడితే అబద్ధమే.

రంగు ఎక్కడ పోతుందో తెలియాలంటే విమానం చుట్టూ మనుషుల్ని ఊహించుకోండి. పైలట్ ఎక్కే రెక్క మొదలు, మెకానిక్ మాటిమాటికీ విప్పే ఇంజన్ మూతల అంచులు, ఇసుకా గులకరాళ్ళూ కొట్టే రెక్క ముందంచు, ప్రొపెల్లర్. ఎవరి చేయీ కాలూ తగలని చోట ఎక్కువ చెయ్యకండి.

ఇక పద్ధతి. నాకు నచ్చింది హెయిర్ స్ప్రే.

1. లాక్వర్ రకం అల్యూమినియం రంగు వేసి ఒక రోజు ఆరనివ్వాలి. ఇది నీళ్ళకి కరగదు.

2. దాని మీద హెయిర్ స్ప్రే రెండు పల్చటి పూతలు. పావుగంట ఆరితే చాలు.

3. ఆపైన ఆక్రిలిక్ ఆకుపచ్చ, వీలైనంత పల్చగా. ఆరగానే పని మొదలెట్టాలి. రోజుల తరబడి వదిలేస్తే రంగు మొండికేస్తుంది.

4. గోరువెచ్చని నీళ్ళతో తడిపి ఒక నిమిషం ఆగి, పొట్టి గట్టి బ్రష్‌తో మెల్లగా రుద్దాలి. కింది హెయిర్ స్ప్రే నీళ్ళలో కరిగి, పైరంగు పెచ్చులుగా లేస్తుంది, అచ్చం అసలు విమానానికి జరిగినట్టే.

5. కడిగి, ఆరబెట్టి, వార్నిష్ వెయ్యాలి. డెకాల్స్ ఆ తర్వాతే. ముందే అంటిస్తే డెకాల్ తడికి మిగిలిన రంగు కూడా లేచిపోతుంది. నాకు ఒక రెక్క అలాగే పోయింది.

చిన్న చిన్న గీతలకి స్పాంజి ముక్క చాలు. రంగులో ముంచి, కాగితం మీద దాదాపు పొడిబారేదాకా అద్ది, ఆ తర్వాత అంచుల మీద తాకించాలి.

స్కేలు లెక్క మరచిపోకండి. 1/48లో 3 మిల్లీమీటర్ల మచ్చ అంటే అసలు విమానం మీద 14 సెంటీమీటర్ల పైమాటే. గోరంత పెచ్చు చూపించాలంటే సూదిమొన పాటి చుక్క సరిపోతుంది.

బ్రష్ పట్టేముందు అసలు విమానం ఫొటో ఒకటి పక్కన పెట్టుకోండి. పెట్టబోయే ప్రతి చుక్కనీ “నువ్వెందుకు ఊడావు?” అని అడగండి. జవాబు రాకపోతే అక్కడ పెట్టొద్దు. ఆ హియెన్ ఇంకా నా షెల్ఫులోనే ఉంది. రడ్డర్‌కి మాత్రం మళ్ళీ రంగు వేశాను.