తలకిందులైన పడవలో ప్రాణం ఎలా నిలిచింది?

బోల్తా కొట్టిన తెరచాప పడవ తనంతట తానే లేవగలదా? అడుగున బరువైన కీల్ ఉంటే లేవగలదు. ఆ బరువే దాన్ని మళ్లీ నిటారుగా నిలబెడుతుంది.

1997 జనవరిలో, ఆస్ట్రేలియాకు ఎంతో దూరాన, దక్షిణ మహాసముద్రంలో నావికుడు టోనీ బులిమోర్ ఒంటరిగా నడుపుతున్న పడవకు ఆ కీలే విరిగిపోయింది. పడవ తిరగబడి, అలాగే ఉండిపోయింది.

మరి అతను ఎలా బతికాడు? బోర్లించిన గ్లాసును నీళ్లలో ముంచితే లోపల గాలి చిక్కుకున్నట్టే, పడవలోనూ గాలి మిగిలింది. చీకటి, ఎముకలు కొరికే చలి. నీటికి పైనున్న ఇరుకైన చోట ముడుచుకుని పడుకున్నాడు. అన్నిటికన్నా తెలివైన పని, పడవను వదిలి ఈదుకుంటూ పోవాలని చూడకపోవడం. అంత చల్లటి నీరు ఒంటి వేడిని గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది!

పడవలోని బీకన్ (ఆపదలో సాయం కోరే రేడియో పరికరం) సంకేతాలను ఉపగ్రహాలు అందుకున్నాయి. కొన్ని రోజులకు ఆస్ట్రేలియా నౌకాదళం వచ్చి పడవను తట్టింది. ఆ చప్పుడు విని బులిమోర్ నీళ్లలో మునిగి, పడవ కింది నుంచి ఈదుకుంటూ బయటపడ్డాడు.