పాత ట్రాక్టరుపై మమకారము

గత వేసవిలో మేము తెనాలి ప్రాంతమున నొక గ్రామమునకు పోయియుంటిమి. మా యాతిథేయులగు పెద్దరైతుగారు కాఫీ ముగిసిన వెంటనే మమ్ము పశువుల సావిడికి తీసికొనిపోయిరి. సావిడిలో పశువు లేదు. గాడికడ ఎడ్లు నిలువవలసినచోట గోనెపట్టాలు కప్పిన యెఱ్ఱ ట్రాక్టరొకటి నిలిచియున్నది. వారి తండ్రిగారు 1970 దశాబ్దమున రెండు జతల యొంగోలు ఎడ్లనమ్మి కొనిన మాసీ ఫెర్గూసన్ అది. ఇరువదియేండ్లుగా పొలము ముఖమెఱుగదు. దుక్కికి క్రొత్తది వేఱే కలదు. పాతయినుము బేరగాడు మూడుమారులు వచ్చి పోయెనట.

"పనికిరానిదానిని ఇంత పదిలముగా ఉంచినారేమండీ?" అని మేమడిగితిమి. వారు నవ్వి, "ఎడ్లను తోలుకుపోయిననాడు మా నాన్నగారు రెండు పూటలు అన్నం ముట్టలేదండీ. దీన్ని తోలుకుపోతే నా గతీ అంతే" అనిరి. ఆ యింట చిన్ననాటినుండి పాలేరుతనము చేసి, యెడ్లను తోలి, పిదప ఆ ట్రాక్టరునే తోలిన వృద్ధుడొకడు సావిడి గుంజకానుకొని యీ మాటలు వినుచుండెను. అతడు మాత్రము నవ్వలేదు.

ఎద్దును సావిడినుండి వెడలగొట్టిన యంత్రమే నేడు ఎద్దుస్థానమున నిలిచి ఎద్దుపాటి ప్రేమను పొందుచున్నది! ఇది మా మిత్రునికొక్కరికే కలిగిన వింత కాదు. ఇంగ్లండు, ఐర్లండు దేశములలో పాత ట్రాక్టరులను మరమరకు మర విప్పి, త్రుప్పు గీకి, తొంటి రంగే వేసి యుత్సవములకు తెచ్చు గృహస్థులు వేలకొలది కలరు. ఐర్లండు జాతీయ దుక్కిపోటీలు 1931లో కిల్డేరు మండలమున ఆథీ పట్టణము చెంత ఆరంభమైనవి. నాటి పోటీ గుఱ్ఱపు నాగళ్లది. నేడు క్రొత్త ట్రాక్టరులకును, పాత ట్రాక్టరులకును, గుఱ్ఱములకును వేఱువేఱుగా పోటీలు సాగుచున్నవి. ప్రపంచ దుక్కిపోటీ యొకటి 1953లో కెనడాలోని కోబర్గున మొదలైనది. వీనిలో మెప్పు వడికి గాదు. చాలు తిన్నగా తెగినదా, మన్ను సమముగా తిరుగబడినదా, దుబ్బులు పూర్తిగా కప్పబడినవా యని చూతురు. నాగటిచాలును సంస్కృతమున సీత యందురు. జనకుడు దున్నిన చాలులో దొరకిన బిడ్డకు ఆ పేరే నిలిచినది. చాలును జూచి మురియుట మనకు క్రొత్త విద్య కాదని చెప్పుటకే యీ మాట.

ఆ పాత ట్రాక్టరుల గుంపులో అందరి కన్నులను ఆకర్షించునది బూడిదరంగు ఫెర్గూసన్. దానిని సృష్టించిన హ్యారీ ఫెర్గూసన్ 1884లో ఐర్లండు నుత్తరమున డౌను మండలములో రైతుబిడ్డగా జన్మించెను. నేటి మమకారపరులు గమనింపదగిన సంగతి యొకటి కలదు: ఆయనకు పొలముపని గిట్టలేదు! ఆ చాకిరి పడలేక 1902లో బెల్‌ఫాస్టునగరమున అన్నగారి మరమ్మతుశాలకు వెడలిపోయెను. మోటారు పందెములలో తిరిగెను. 1909 డిసెంబరు 31వ తేదీన తాను కట్టిన విమానమునెక్కి ఎగిరి, ఐర్లండు గగనమున నెగిరిన మొదటివాడనిపించుకొనెను. మొదటి మహాయుద్ధమున తిండిగింజలకు కటకటపడిన ప్రభుత్వము ఐర్లండులోని ట్రాక్టరుల పని మెఱుగుపఱచుమని యాయనను కోరినది. విడిచిపోయిన పొలమే ఆయనను మరల పిలిచెను.

నాటి ట్రాక్టరు గుఱ్ఱమునకు బదులు నిలిచిన యినుపగుఱ్ఱము మాత్రమే. నాగలిని బండివలె దానివెనుక తగిలించి యీడ్చెడివారు. 1917లో వెలువడిన ఫోర్డుసన్ చౌకలో మేటియే. కాని నాగలి రాతికో వేరుకో తగులుకొన్నప్పుడు ముందు చక్రములు పైకి లేచి, ట్రాక్టరు వెనుకకు తిరుగబడి, తోలువానిమీద పడుట కలదు. దీనికి విరుగుడుగా యంత్రము బరువును హెచ్చించిన నేల గట్టిపడును. ఫెర్గూసన్ కనిపెట్టిన యుపాయము వేఱు. నాగలిని వెనుక నీడ్చుట మాని, క్రింద రెండుచోట్ల, పైన నొకచోట, మొత్తము మూడుచోట్ల ట్రాక్టరునకే బిగించెను. హైడ్రాలిక్ బలముచే దానిని ఎత్తుటకును దించుటకును వీలు కల్పించెను. నాగలి మంటిలో పడు నొత్తిడియే వెనుక చక్రములను నేలకదిమి పట్టును. మన్ను గట్టియైనకొలది పట్టు హెచ్చును. తేలికయంత్రము బరువుపని చేయుటలోని రహస్యమిదియే. నేడు మన పొలములలో తిరుగు ఏ ట్రాక్టరు వెనుక చూచినను ఆ మూడు బిగింపులే కానవచ్చును.

ఈ యుపాయమును నమ్మి 1938లో హెన్రీ ఫోర్డు, ఫెర్గూసనులు చేయి చేయి కలిపి మాటమీద నొప్పందము చేసికొనిరి, కాగితము లేదు. ముసలి ఫోర్డు తప్పుకొన్న పిదప ఆయన మనుమని కాలమున మాట చెదరినది. వ్యాజ్యము నడచి, 1952లో 92 లక్షల 50 వేల డాలర్లు ఫెర్గూసనునకు చెల్లించుటతో ముగిసినది. రైతులము మనము, మాటమీది బేరముల గతి మనకు చెప్పనక్కఱలేదు.

ఆ తగవు ముదురుచుండగనే ఇంగ్లండులోని కొవెంట్రీలో 1946లో బూడిదరంగు టి. ఇ. 20 వెలువడినది. 1956 వఱకు అయిదు లక్షలకు పైగా తయారైనవి. టన్నుకు కొంచెము మించిన బరువు. ముప్పది యశ్వములకు లోపు శక్తి. ఏనుగులవంటి నేటి యంత్రముల ప్రక్క నిది దూడ. అయినను ఎడ్మండు హిల్లరీ 1958 జనవరి 4వ తేదీన దక్షిణధ్రువము చేరినది చక్రములకు పట్టాలు తొడిగిన యీ దూడలమీదనే.

కాని మా మనస్సును పట్టినవి ధ్రువయాత్రలు కావు. రెండు చిన్న సంగతులు. మొదటిది: ఆ ట్రాక్టరునకు ఇంజను ముట్టించు మీట వేఱుగా లేదు. గేరుకఱ్ఱనే ఒక మూలకు నెట్టవలెను. అందుచే గేరులో నుండగా బండి ముట్టుకొని యెవరిమీదికో దూకు ప్రమాదము తప్పినది. రెండవది: ట్రాక్టరుతో నొక స్పానరునిచ్చెడివారు. పనిముట్ల మరలలో పెక్కింటికి అది యొక్కటియే సరిపోవును. దానిమీద అంగుళముల గుర్తులు కూడ నుండుటచే నాగలి సర్దుటకు కొలబద్దగా నుపకరించెడిది. ఆ స్పానరు చేతికిచ్చిన యంత్రకారుడు రైతుతో నేమి చెప్పినట్లు? ఇది నీది, నీవే విప్పుకొనుము, నీవే బిగించుకొనుము అని చెప్పినట్లు. యంత్రమును కొన్నవాడు యజమానియగుట యన్నచో ఇదిగదా!

ఫెర్గూసన్ 1953లో తన వ్యాపారమును కెనడాకు చెందిన మాసీ హ్యారిస్ సంస్థలో కలిపివైచెను. మాసీ ఫెర్గూసన్ అను జంటపేరు అట్లు వచ్చినది. 1960లో మద్రాసులో స్థాపింపబడిన టాఫె సంస్థ ఆ పేరిట మన దేశమున ట్రాక్టరులు తయారుచేసెను. మా మిత్రుని సావిడిలోని యెఱ్ఱ ట్రాక్టరు ఆ విధముగా కొవెంట్రీ బూడిదరంగు దూడకు జ్ఞాతియే. అంతకు ముందే, 1959లో, ఫరీదాబాదున ఐషర్ వారి ట్రాక్టరు వెలువడినది. దుర్గాపురమునందలి ప్రభుత్వ పరిశోధనశాలలో మనవారే రూపకల్పన చేయగా 1974లో పంజాబున పుట్టిన ట్రాక్టరునకు 'స్వరాజ్' అని పేరిడిరి. పేరుపెట్టిన వారికి మా నమస్కారము. ఊరూర పేరుమోసిన హెచ్. ఎం. టి. ట్రాక్టరు శాఖను మూసివేయుటకు మాత్రము 2016లో కేంద్రప్రభుత్వము నిశ్చయించినది.

ట్రాక్టరు వచ్చినది, దానితో మనకేది పోయినదో యెంచుకొనవలదా? ఏరువాకపున్నమినాడు ఎడ్లకు కొమ్ములు రంగుపూసి, కాడికి మ్రొక్కి, తొలిచాలు వేసిన యూళ్లలో నేడాపండుగ నామమాత్రము. మేడి, నొగ, కఱ్ఱు, పలుపు, ముల్లుగఱ్ఱ యను మాటలు పట్నవాసపు పిల్లలకు నిఘంటుశబ్దములైనవి. దమ్ములలో ఎద్దులపేర్లు పిలిచెడి గొంతులు, కళ్లములో బంతి కట్టి తొక్కించిన రాత్రులు, తూర్పారబట్టుటకు గాలికై యెదురుచూచిన యుదయములు కథలైనవి. పెంటపోగు తఱిగి ఎరువుల కొట్టుబాకీ పెరిగినది. ఒంగోలు జాతి యెద్దు బ్రెజిలు దేశమున నెల్లూరు పేరిట మందలుగా వర్ధిల్లుచుండగా పుట్టినచోట బండలాగుడు పందెములకై మేపబడుచున్నది. ఐర్లండులో గుఱ్ఱమునకు దుక్కిపోటీ యెట్టిదో గుంటూరు, ప్రకాశము మండలములలో ఎద్దునకు బండలాగుడు అట్టిది. పని పోయిన జీవికి పందెము మిగిలినది.

ఇంతవఱకు చదివి నిట్టూర్చిన భూస్వాములకు మేమొక చేదుమాట చెప్పక తప్పదు. పాతసేద్యమును గూర్చి మన జ్ఞాపకము అరుగుమీదిది. దానిని చేసినవాని జ్ఞాపకము బురదలోనిది. వేకువకు ముందే లేచి, కుడితి పెట్టి, నాగలి భుజమున వేసికొని పొలమునకు పోయి, జీతపుగింజలకు ఏడాది పొడుగున కట్టుబడిన పాలేరును ఆ దినములు తిరిగి రావలెనా యని యెవరైన అడిగిరా? నడుములు విఱుగ వంగి ఊడ్చిన స్త్రీలనడిగిరా? వారి పాటలు మనకు మధురముగానే వినబడినవి. పాడినది శ్రమ మఱచుటకని మనకు తోచలేదు. ఫెర్గూసనుకును పొలముపని చేదయ్యెను గనుకనే ట్రాక్టరును బాగుచేసెను. ఎడ్లు మరల రావలెనని కోరుట సులభము. మేడి పట్టువాడు మనము కానంతవఱకు!

అయినను పాత ట్రాక్టరుపై ప్రేమలో వట్టి నిట్టూర్పు కాని యంశమొకటి కలదు. అమెరికాలో నలువదియేండ్లనాటి ట్రాక్టరులు వేలములలో మంచి ధర పలుకుచున్నవని 2020లో అచటి పత్రికలు వ్రాసినవి. కొన్నవారు ముచ్చటకు కొనలేదు, దున్నుటకే కొనిరి. క్రొత్త యంత్రములలో కంప్యూటరు కూర్చున్నది. చిన్న సూచిక చెడినను యంత్రము నిలిచిపోవును. దోషమేదో చెప్పు సాఫ్టువేరు కంపెనీవద్దను, దాని యేజంటువద్దను నుండును. పంట కోతకు సిద్ధముగానుండ, లక్షల డాలర్ల యంత్రముప్రక్క రైతు చేతులు కట్టుకొని మేస్త్రీ రాకకై నిరీక్షింపవలెను. ఈ బాధకు తాళలేక వారు 'మరమ్మతు హక్కు' అను నుద్యమమును లేవదీసిరి. 2023 జనవరిలో జాన్ డీర్ సంస్థ రైతుసంఘమగు అమెరికన్ ఫారం బ్యూరోతో నొక యవగాహనకు వచ్చినది. ఆ యేడే కొలరాడో రాష్ట్రము వ్యవసాయ యంత్రముల మరమ్మతుహక్కును శాసనము చేయగా 2024 మొదటినుండి యమలునకు వచ్చినది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ వాణిజ్య సంఘము డీర్ సంస్థపై వ్యాజ్యమే తెచ్చినది. యంత్రము ధర చెల్లించియు దానిని విప్పుటకు పరుల యనుమతి వేడువాడు యజమానియా, కౌలుదారా?

ఇది సముద్రముల కావలి గొడవయని పాఠకులు తలపవలదు. మన పొలములలో నేడు తిరుగు ట్రాక్టరులలో పెక్కులు ఊరి మేస్త్రీ చేతికి లొంగునవే. కాని 50 అశ్వశక్తులకు మించిన ట్రాక్టరులకు 2023 జనవరినుండి పొగను గూర్చిన క్రొత్త నిబంధనలు వచ్చినవి. వానితోపాటు ఇంజనులోనికి ఎలక్ట్రానిక్ పరికరములు వచ్చినవి. పొగ తగ్గుట మంచిదే. దానిని మేము కాదనము. కాని క్రొత్తదానిని కొనబోవు రైతు అశ్వశక్తియు, వాయిదాల వడ్డీయు అడిగి యూరకుండరాదు. చెడినప్పుడు దోషము కనిపెట్టు సాధనము మా యూరి మేస్త్రీకి అమ్ముదురా, విడిభాగములు బయట దొరకునా, మరమ్మతు పుస్తకము తెలుగున నిత్తురా యని బేరమునాడే అడుగవలెను. ఒక్కడడిగిన నవ్వుదురు. మండలమంతయు అడిగిన జవాబు చెప్పుదురు.

మఱల సావిడికి వత్తము. మేము బయలుదేరుచుండగా ఆ వృద్ధుని దరిజేరి, "ఏమయ్యా, ఎడ్ల కాలము బాగా, ట్రాక్టరు కాలము బాగా?" అని యడిగితిమి. అతడు తడుముకొనలేదు.

"ఎడ్లతో ఎకరం దున్నేసరికి ప్రాణం పోయేదండీ. అందులో బాగేముందీ? ఇదొచ్చాకే నా నడుం కాస్త నిలబడింది." కొంచెమాగి, "చెడితే నేనే ఇప్పేవోణ్ని. ఆ కొత్తదాని మూత కూడా నన్ను తియ్యనివ్వరు. తీస్తే గ్యారంటీ పోద్దంట" అనెను.

అతడు గోనెపట్టా తొలగించి, పైకప్పు తీసి, బ్యాటరీ లేని యా యింజనులో నేదో మరను వ్రేళ్లతో తడవి చూచెను. వదులైయుండెను కాబోలు, గూటిలోనుండి నూనెగుడ్డలో చుట్టిన స్పానరును తీసి బిగించుచుండగా మేము సెలవు పుచ్చుకొంటిమి.