ఇసుకలో గుడారం నిలుచునా?

కణేకల్ దగ్గర హగరి నది ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉంటుంది. నైరృతి గాలులు వీచే రోజులలో ఆ ఇసుక లేచి, ఒడ్డునున్న పొలాలమీద దిబ్బలుగా పడుతుంది. కిందటి ఆషాఢంలో ఒక మిత్రుడూ నేనూ ఆ దిబ్బల నడుమ ఒక రాత్రి గడపదలచి, ఇద్దరికి సరిపోయే తేలిక గుడారం వేశాము. అర్ధరాత్రి గాలి హెచ్చింది. తాళ్ళు కట్టిన గూటాలు ఒకదాని వెనుక ఒకటి ఊడివచ్చాయి. గుడ్డ చిరగలేదు, కడ్డీలు విరగలేదు. గుడారం మాత్రం మా మీద పడింది. లోపం ఎక్కడున్నది?

ఇటువంటి గుడారం బరువు సుమారు 2 కిలోలు. దీని గుడ్డ నైలాన్. 1935లో అమెరికాలో కారొథర్స్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన నూలు. ఇది పత్తిగుడ్డవలె నీటిని పీల్చి బరువెక్కదు. కడ్డీలు అల్యూమినియం మిశ్రలోహం. అల్యూమినియం సాంద్రత 2.7, ఉక్కుది 7.8. అయితే పలుచని గుడ్డ డప్పు చర్మంవలె బిగువుగా ఉన్నంతసేపే గాలికి ఆగుతుంది. ఆ బిగువును నిలిపేవి తాళ్ళు. తాళ్ళను నిలిపేది నేల.

గాలి తోపుడు ఎంత? గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి, తన కెదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరుపై సుమారు 6 కిలోల బరువంత ఒత్తిడి కలిగిస్తుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగురెట్లై, 24 కిలోలవుతుంది. గుడారం పక్క 2 చదరపు మీటర్లనుకొంటే, 2 కిలోల వస్తువు 48 కిలోల తోపుడుకు తట్టుకోవలెనన్నమాట!

గూటాన్ని పట్టి ఉంచేది దాని చుట్టూ ఉన్న మట్టి రాపిడి. పొడి ఇసుకలో రేణువులు సులభంగా జారిపోతాయి, పట్టు ఉండదు. 1953 మే 28వ తేదీన ఎవరెస్టుపై సుమారు 8,500 మీటర్ల ఎత్తున హిల్లరీ, టెన్సింగులకు ఇదే చిక్కు వచ్చింది. మెత్తని మంచులో గూటాలు నిలువలేదు. వారు ఆక్సిజన్ సీసాలను మంచులో పాతి, తాళ్ళను వాటికి కట్టారు. మరునాడు వారు శిఖరం చేరారు.

ఇసుకలోనూ ఉపాయం ఇదే. చిన్న సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలిలోతు గుంటలో పాతి తొక్కవలెను. సంచి పైకి రావలెనంటే తనపైనున్న ఇసుకనంతా ఎత్తవలసి ఉంటుంది. మరునాటి రాత్రి మేమట్లే చేశాము. గాలి తగ్గలేదు, గుడారం కదలలేదు.

పాఠశాలలో దీనిని పరీక్షించవచ్చును. బకెట్టెడు పొడి ఇసుకలో ఒక మేకును నిలువుగా గుచ్చి, స్ప్రింగుత్రాసుతో లాగి, ఊడివచ్చినప్పటి కొలత వ్రాసుకొనండి. అదే మేకును నడుమ దారంకట్టి, అడ్డంగా పాతి మరల లాగండి. తరువాత ఇసుకను కొంచెం తడిపి చూడండి. కొలత మారుతుంది. ఏల మారెనో విద్యార్థులనే చెప్పనివ్వండి.