జర్మనీ వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: అద్దె గది సంగతి

నంద్యాల, ఆళ్లగడ్డ హాస్టళ్లలో ట్రంకుపెట్టెకు చోటుంటే చాలనుకుని చదివినవాళ్లం మేము. జర్మనీలో ఆ చోటుకే ఖరీదు. అడ్మిషన్ లెటర్ రాగానే, అక్కడి విద్యార్థుల హాస్టళ్లు నడిపే 'స్టుడీరెండెన్‌వెర్క్'కు దరఖాస్తు పెట్టండి. గదులు చౌక, అందుకే వెయిటింగ్ లిస్టు పెద్దది.

బయట గదికి 'కాల్ట్' అంటే వట్టి అద్దె. 'వార్మ్' అంటే హీటింగ్, నీళ్లు కలిపి. నంద్యాల ఎండల్లో పెరిగిన మనకు హీటింగ్ ఖర్చు తట్టదు. అడ్వాన్సు చట్టప్రకారం 3 నెలల కాల్ట్ అద్దెకు మించకూడదు, 3 నెలవారీ వాయిదాల్లో కట్టవచ్చు.

మాలో ఒకడు ఫోటోలు చూసి ఇక్కడినుంచే డబ్బు పంపాడు. దిగి చూస్తే ఆ అడ్రసులో గదే లేదు. అది వాళ్లమ్మ పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు.

చేరిన 2 వారాల్లో చిరునామా నమోదుకు ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అది ఇవ్వనంటే ఎంత చౌకైనా ఆ గది వద్దు.