బీడు మీద స్టీలు నిలవాలంటే

దివిసీమలో నాగాయలంక వైపు వెళ్తే రొయ్యల చెరువుల గట్ల మీద పంపులు కనిపిస్తాయి. ఉప్పునీళ్లు తోడే పంపు బాడీ బీడుదైతే, అంటే పోత ఇనుముదైతే, కొన్నేళ్లకు ఒక వింత జరుగుతుంది. పైకి నిక్షేపంగా ఉంటుంది. అచ్చులో పోసిన అక్షరాలు కూడా చెరగవు. చాకుతో గీస్తే మాత్రం పెన్సిల్ ములుకు చెక్కినట్టు నల్లటి పొడి రాలుతుంది.

ఆ పొడిలో ఎక్కువగా ఉండేది గ్రాఫైట్. బీడులో 2 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది. మామూలు రకంలో అందులో చాలా భాగం సన్నని గ్రాఫైట్ రేకులుగా పరుచుకుంటుంది. ఉప్పునీరు తగలగానే ఇనుముకూ గ్రాఫైట్‌కూ మధ్య బ్యాటరీలోలా కరెంటు పారుతుంది. ఇనుము కరిగిపోతుంది, గ్రాఫైట్ ఆకారం మిగులుతుంది. ఏనుగు మింగిన వెలగపండు అంటామే, అదే!

కృష్ణా డెల్టాలో ఈ బెడద అన్ని చోట్లా ఒకేలా ఉండదు. విజయవాడ దగ్గర 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ నీళ్లు నిలుపుతోంది. దాని ఎగువన ఉన్నది మంచినీరు. దిగువన ఏరు పలచబడిన ఎండాకాలంలో పోటుతో పాటు సముద్రం లోపలికి వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. అందుకే ఒకే అచ్చులో పోసిన రెండు పంపుల్లో విజయవాడ దగ్గరిది ఏళ్ల తరబడి నడిస్తే, హంసలదీవి దగ్గరిది ముందే చేతికొస్తుంది.

“వంటింట్లో స్టీలు గిన్నె తుప్పు పట్టదు కదా, దీని మీదా ఒక స్టీలు పొర వేసేయండి” అని ఆటోనగర్ వెల్డింగ్ షెడ్డులో ఎవరైనా అడగొచ్చు. మంచి ఆలోచనే. ఆ గిన్నెల స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ తెర కప్పుకుంటుంది. గీత పడినా ఆ తెర తిరిగి అల్లుకుంటుంది. కానీ స్టీలు రాడ్ తీసుకుని నేరుగా బీడు మీద ఆర్క్ కొడితే మూడు చోట్ల పని చెడుతుంది.

మొదటిది కార్బన్. కరిగిన బీడులోని కార్బన్ వెల్డులోకి ఎక్కి క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్లు కడుతుంది. తుప్పును ఆపాల్సిన క్రోమియం అక్కడే ఖర్చయిపోతుంది. రెండోది గట్టిదనం. వెల్డు పక్కన ఎర్రగా కాలి చప్పున చల్లారిన బీడు గాజులా పెళుసెక్కుతుంది. మూడోది కుంచింపు. 100 డిగ్రీలు చల్లారితే మీటరు పొడవు స్టీలు సుమారు 1.7 మిల్లీమీటర్లు తగ్గుతుంది, బీడు సుమారు 1.1 మాత్రమే. స్టీలు లాగుతుంది, సాగడం తెలియని బీడు పగులుతుంది. కొన్నిసార్లు షెడ్డులోనే ‘టిక్’మని వినిపిస్తుంది.

ఈ తగవు తీర్చే పెద్దమనిషి నికెల్. అది కార్బన్‌తో గట్టి కార్బైడ్లు కట్టదు. దాన్ని గ్రాఫైట్‌గానే వదిలేస్తుంది. పైగా మెత్తన, కాబట్టి లాగుడుకు కొంత సాగుతుంది. అందుకే ముందు నికెల్ రాడ్‌తోనో, నికెల్-ఇనుము రాడ్‌తోనో ఒక పొర వేసి, దాని మీద స్టీలు వేస్తారు. తొందరపడకూడదు. అంగుళం మేర వెల్డు పెట్టి, వేడిగా ఉండగానే చిన్న సుత్తితో తట్టి, చల్లారాక ఇంకోచోట మరో అంగుళం. పని అయ్యాక పొడి ఇసుకలోనో బూడిదలోనో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి.

ఇంత చేశాక ఒక్క సూదిబెజ్జం మిగిలినా, అసలు పొర వేయకపోవడమే నయం అనిపిస్తుంది. ఉప్పునీటిలో స్టీలుకూ బీడుకూ మధ్య కూడా కరెంటు పారుతుంది. కరిగేది బీడే. విశాలమైన స్టీలు చుట్టూ ఉండి, కింద బీడు బెజ్జమంత మాత్రమే బయటపడితే, తినుడంతా ఆ ఒక్క చోటే పడి లోతుకు తొలుస్తుంది. అందుకే ఎర్ర రంగు పూసి తుడిచి, తెల్లపొడి చల్లి, ఎరుపు ఎక్కడ ఊరుతుందో వెతుకుతారు. స్టీలు రకమూ చూసుకోవాలి. వంటింటి 304 రకాన్ని ఉప్పునీరు గుంటలు పెడుతుంది. 2-3 శాతం మాలిబ్డినం కలిసిన 316 ఇంకొంచెం తట్టుకుంటుంది, అదీ పూర్తిగా కాదు.

కాబట్టి పంపు బాడీ మొత్తానికి తొడుగు వేయడం అరుదుగా గిట్టుబాటవుతుంది. సీలు కూర్చునే అంచుకో, నీరు ఒరుసుకునే గాడికో వేస్తే ఫలితం ఉంటుంది. మిగతా లోపలి భాగానికి ఎపాక్సీ పూత చాలు. ఏది చేసినా మొదటి పని చాకుతో గీయడమే. నల్లపొడి రాలినంత మేరా గ్రైండర్ పెట్టి, మెరిసే లోహం కనపడేదాకా తీయాలి. తీస్తూ పోతే గోడే మిగలకపోతే, ఆ బాడీని తూకానికి వేయడమే మంచిది.