డాక్టరు గదిలో రెండు నిమిషాలు: మెడికల్ రెప్‌కు కావలసిన శాస్త్రం

మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగానికి కాస్త చొరవ, మెడలో టై, నోట్లో నాలుక ఉంటే చాలని మన ఊళ్లలో ఒక గట్టి నమ్మకం. బీఎస్సీ, బీఫార్మసీ పూర్తిచేసిన అబ్బాయిలూ అమ్మాయిలూ ఏటా ఈ వృత్తిలోకి వస్తూనే ఉన్నారు. కంపెనీ కొన్నాళ్లు శిక్షణ ఇస్తుంది. విజువల్ ఎయిడ్ అనే బొమ్మల పుస్తకమో, ట్యాబో చేతికిచ్చి, చెప్పాల్సిన మాటలు కంఠతా పట్టిస్తుంది. ఆ మాటలతో మొదటి కొన్ని కాల్స్, అంటే డాక్టర్లతో భేటీలు, గడిచిపోతాయి. తర్వాత ఒక రోజు ఎవరో ఒక డాక్టరు మధ్యలో ఆపి అడుగుతారు: "సిటాగ్లిప్టిన్ అంటున్నావు, బాగానే ఉంది. కిడ్నీ దెబ్బతిన్న షుగర్ పేషెంటుకి ఎంత రాయమంటావు?"

జవాబు తెలిసినవాడికి ఇది పది సెకన్ల పని. సిటాగ్లిప్టిన్ మామూలు డోసు రోజుకు 100 మిల్లీగ్రాములు. మింగిన మందులో దాదాపు 80 శాతం ఏ మార్పూ లేకుండా మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీలు నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. అందుకే కిడ్నీల వడపోత వేగాన్ని చెప్పే ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే డోసు 50కి, 30 కంటే తగ్గితే 25కి దించాలి. అదే కుటుంబానికి చెందిన లినాగ్లిప్టిన్ దారి వేరు. అది ఎక్కువగా పైత్యరసంతో కలిసి పేగుల్లోకి చేరి మలంలో పోతుంది కాబట్టి, కిడ్నీ జబ్బున్నా డోసు మార్చనక్కర్లేదు.

మందు ఎవరికి పనికొస్తుందో ప్రతి రెప్పూ చెబుతాడు. ఎవరికి ఇవ్వకూడదో, ఎవరికి తగ్గించాలో, దేనితో కలపకూడదో చెప్పగలిగినవాడే ఆ మందు తెలిసినవాడు. ఈ వృత్తికి అసలైన అర్హత అదేనని నేను నమ్ముతాను. దానికి వైద్యవిద్య అంతా చదవక్కర్లేదు, కొన్ని మూలసూత్రాలు ఒంటబడితే చాలు.

మొదటిది, మందు ఒంట్లో చేసే ప్రయాణం. మాత్ర కరిగి పేగుల గోడల గుండా రక్తంలో కలుస్తుంది, రక్తంతో పాటు అవయవాలకు చేరుతుంది, కాలేయంలో రూపం మారుతుంది, చివరికి మూత్రంలోనో మలంలోనో బయటికి పోతుంది. ఈ నాలుగు మజిలీల్లో ఎక్కడ ఆటంకం వచ్చినా డోసు లెక్క మారిపోతుంది. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని హాఫ్ లైఫ్ అంటారు. పారాసెటమాల్‌కు అది రెండు మూడు గంటలే, అందుకే జ్వరం మాత్ర రోజులో పలుమార్లు వేయాల్సి వస్తుంది. బీపీకి వాడే అమ్లోడిపిన్‌కు 30 నుంచి 50 గంటలు, అందుకే రోజుకొకటి సరిపోతుంది. క్రమంగా వేసుకుంటున్న మందు రక్తంలో నిలకడైన స్థాయికి చేరాలంటే నాలుగైదు హాఫ్ లైఫ్‌లు గడవాలి. అమ్లోడిపిన్ విషయంలో అది సుమారు వారం. "రెండు రోజులు వేశాను, బీపీ దిగలేదు" అని పేషెంటు తిరిగొస్తే తప్పు మందుది కాదు, ఇంకా సమయం చాలలేదంతే.

ఇంతవరకూ పుస్తకం చదివి పరీక్ష రాసేయొచ్చు. కానీ ఒక మందును దగ్గరగా చూస్తే ఈ సూత్రాలు ఎక్కడ ఆగిపోతాయో తెలుస్తుంది. పాంటోప్రజోల్ తీసుకుందాం. దాన్ని గ్యాస్ మాత్ర అనని తెలుగిల్లు అరుదు. దాని హాఫ్ లైఫ్ ఒక గంటకు కాస్త అటూ ఇటూ. పై లెక్క ప్రకారమైతే రోజుకు చాలాసార్లు వేసుకోవాలి. అయినా ఒక్క మాత్ర రోజంతా పనిచేస్తుంది. ఎలా?

పాంటోప్రజోల్ ఆమ్లాన్ని చూస్తే నిలవదు, జీర్ణాశయంలోనే చెడిపోతుంది. అందుకే మాత్ర మీద ఆమ్లానికి కరగని పూత వేస్తారు. చిన్నపేగుకు చేరాకే ఆ పూత విడుతుంది. అక్కడ రక్తంలో కలిసిన మందు మళ్లీ జీర్ణాశయపు గోడకే వస్తుంది, ఈసారి లోపలి వైపు నుంచి కాదు, రక్తం వైపు నుంచి. ఆమ్లాన్ని తయారుచేసే కణాల్లోకి చేరి, అక్కడి ఆమ్లం తగలగానే చురుకైన రూపం దాలుస్తుంది. ఆమ్లాన్ని బయటికి నెట్టే ప్రోటాన్ పంపులకు విడదీయరాని బంధంతో అతుక్కుపోతుంది. రక్తంలోని మందు కొన్ని గంటల్లో ఖాళీ అయినా, అతుక్కున్న పంపు మళ్లీ పనిచేయదు. కణం కొత్త పంపులు తయారుచేసుకోవాల్సిందే. అందుకే దాని ప్రభావం రోజంతా నిలుస్తుంది.

ఇంకొక్క మెలిక ఉంది. ఇది పనిచేస్తున్న పంపుల మీదే ప్రభావం చూపుతుంది. పంపులు ఎక్కువగా మేల్కొనేది అన్నం తిన్నప్పుడు. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి కనుక తిండికి అరగంట ముందు వేసుకోమంటారు. భోంచేసి తాంబూలం వేసుకుంటూ మింగితే సగం ఫలితం పోయినట్టే. మాత్రను నలిపి పొడి చేసి ఇస్తే పూత పోతుంది, మందూ పోతుంది. డాక్టరు గదిలో దొరికే రెండు నిమిషాల్లో ఈ సంగతి సూటిగా చెప్పగలిగిన రెప్ మాటను డాక్టరు మరిచిపోరు, ఎందుకంటే అది సాయంత్రం వచ్చే పేషెంటుకు చెప్పడానికి పనికొస్తుంది.

అదే కుటుంబంలో పెద్దది ఒమెప్రజోల్. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు క్లోపిడోగ్రెల్ వాడుతుంటారు. అది నేరుగా పనిచేసే మందు కాదు, కాలేయంలోని సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. ఒమెప్రజోల్ ఆ ఎంజైమ్‌కే అడ్డుపడుతుంది. ఫలితంగా రక్తం గడ్డకట్టకుండా కాపాడాల్సిన మందు బలహీనపడవచ్చు. ఈ రెండింటినీ కలిపి వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరించింది. పాంటోప్రజోల్‌తో ఈ ఇబ్బంది తక్కువ. పాంటోప్రజోల్ అమ్మే రెప్ ఈ మాట ఉత్సాహంగా చెబుతాడు. ఒమెప్రజోల్ అమ్మే రెప్ కూడా చెప్పాలి.

మందుల పేర్లు వేలల్లో ఉన్నా కంగారు పడనక్కర్లేదు. డబ్బా మీద పెద్దగా ఉండే బ్రాండ్ పేరు కంపెనీ పెట్టుకున్నది. అసలు మందు పేరును ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం పెడతారు, 1953 నుంచి ఆ జాబితాలు వెలువడుతున్నాయి. పేరు చివర చూస్తే వంశం తెలుస్తుంది: ప్రిల్, సార్టాన్, స్టాటిన్, ప్రజోల్, గ్లిప్టిన్, గ్లిఫ్లోజిన్. బీపీకి ఎనలాప్రిల్ వాడే కొందరికి పొడి దగ్గు పట్టుకుంటే డాక్టర్లు టెల్మిసార్టాన్ లాంటి దానికి మారుస్తారు. 'ప్రిల్' మందులు ఆపే ఎంజైమ్‌కు బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టే పని కూడా ఉంది. ఆ పని ఆగితే బ్రాడికైనిన్ పేరుకుని దగ్గు తెప్పిస్తుంది. సార్టాన్‌లు ఆ ఎంజైమ్ జోలికి పోవు.

వంశం తెలిసినా కొన్ని మందులకు ప్రాణాంతకమైన మలుపు ఉంటుంది. దీనికి మెథోట్రెక్సేట్ కంటే పెద్ద ఉదాహరణ లేదు, అది మన తెలుగువాడి చరిత్రతో ముడిపడినది కూడా. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గడం చూపించారు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు తమ్ముడు. ఈ రోజు అదే మందును చిన్న డోసులో కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ వాడుతున్నారు. అయితే ఈ జబ్బుల్లో దాన్ని వేసుకోవాల్సింది వారానికి ఒక్కసారి. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుండ్లు పడతాయి, ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణాలే పోవచ్చు. ఇలాంటి మరణాలు ఎన్నో దేశాల్లో నమోదయ్యాయి. ఈ మందు చేతబట్టుకుని తిరిగే రెప్ డాక్టరు దగ్గరా మందుల షాపులోనూ "వారానికి ఒకసారే, వారంలో ఏ రోజో చీటీ మీద రాసివ్వండి" అని ప్రతిసారీ గుర్తుచేయాలి. అమ్మకం సంగతి ఆ తర్వాతే.

ఇక అంకెలు. ఈ వృత్తిలో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూద్దాం. ఒక మందు మేలు చేస్తుందో లేదో తేల్చడానికి రోగులను రెండు గుంపులుగా చీటీలేసినట్టు విడదీస్తారు. ఒక గుంపుకు మందు, మరో గుంపుకు మందులేని ప్లాసిబో మాత్ర ఇస్తారు. ఎవరికేది ఇచ్చారో ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ తెలియనివ్వరు. 1995లో వెలువడిన పశ్చిమ స్కాట్లాండ్ అధ్యయనం అలాంటిదే. కొలెస్టరాల్ ఎక్కువగా ఉండి, అంతకు ముందు గుండెపోటు రాని 6,595 మంది మగవాళ్లకు ప్రావస్టాటిన్‌నో ప్లాసిబోనో ఇచ్చి సుమారు ఐదేళ్లు గమనించారు. గుండెపోటో గుండెజబ్బు మరణమో ప్లాసిబో గుంపులో 7.9 శాతం మందికి, మందు గుంపులో 5.5 శాతం మందికి సంభవించాయి.

ఈ ఒక్క ఫలితాన్నే రెండు రకాలుగా చెప్పొచ్చు. "ముప్పు 31 శాతం తగ్గింది" అనేది ఒకటి. "వెయ్యి మంది ఐదేళ్లు వాడితే 24 మందికి ఆ ఆపద తప్పింది, అంటే ఒకరికి తప్పించడానికి నలభై మంది పైచిలుకు వాడాలి" అనేది రెండోది. రెండూ నిజమే. బొమ్మల పుస్తకంలో పెద్ద అక్షరాల్లో మొదటిదే ఉంటుంది. అప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లలోనైతే ముప్పు ఎక్కువ కనుక అదే శాతం తగ్గింపు ఎక్కువ మందిని కాపాడుతుంది. 31 అన్న అంకె ఏ అంకెలోంచి తగ్గిందో చెప్పలేని రెప్‌కు ఆ అంకె అర్థం కానట్టే.

అలాగే జనరిక్ మందుల మీద ఒక అపోహ వాడుకలో ఉంది. జీవ సమానత్వ పరీక్షలో అనుమతించే హద్దులు 80 నుంచి 125 శాతం కాబట్టి జనరిక్ మాత్రలో మందు 20 శాతం తక్కువ ఉండొచ్చు అంటారు. అది తప్పు. ఆ హద్దులు మాత్రలో ఉన్న మందుకు కాదు, రక్తంలోకి చేరిన మందును రెండు మాత్రల మధ్య పోల్చే గణాంక అంచనాకు. ఆ అంచనా మొత్తం ఆ గీతల మధ్యే పట్టాలి కనుక అసలు తేడా చాలా చిన్నదై ఉండాలి. ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2,070 అధ్యయనాలను పరిశీలిస్తే రక్తంలోకి చేరిన మొత్తం మందులో సగటు తేడా సుమారు 3.5 శాతమే కనిపించింది. ఎదుటి బ్రాండును కించపరచడానికి ఈ అపోహను వాడుకోవడం డాక్టర్ను తప్పుదారి పట్టించడమే.

శాస్త్రం పక్కన పెడితే, స్టాకిస్టు, ప్రైమరీ, సెకండరీ సేల్స్, షాపుల్లో ప్రిస్క్రిప్షన్ల ఆడిట్, రోజువారీ కాల్ రిపోర్టు లాంటి అమ్మకాల లెక్కలన్నీ ఏరియా మేనేజరు వెంట నెలరోజులు తిరిగితే పట్టుబడతాయి. చట్టం మాత్రం ఎవరికి వారే చదువుకోవాలి. చట్టంలోని షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ జాబితాల మందులకు డాక్టరు చీటీ తప్పనిసరి. 2014లో అమల్లోకి వచ్చిన హెచ్1 మందుల అమ్మకాలను షాపువాళ్లు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. నొప్పికీ జ్వరానికీ వాడే నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడటాన్ని మన దేశం 2011లో నిషేధించింది. నిన్న నేర్చుకున్నది ఇవాళ చెల్లకపోవచ్చు.

2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన మార్కెటింగ్ నియమావళి ప్రకారం వివరణ లేకుండా ఏ మందునూ "సురక్షితం" అనకూడదు. సైడ్ ఎఫెక్టులే లేవని అసలు చెప్పకూడదు. మన దేశంలో ఏడాదికి పైగా దొరుకుతున్న మందును "కొత్తది" అనకూడదు. డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదు, కలవడానికి డబ్బు ముట్టజెప్పకూడదు. జర్మనీలోనైతే మందుల చట్టం 75వ సెక్షన్ ప్రకారం నిర్ణీత అర్హత ఉన్నవాళ్లే ఈ పని చేయాలి. డాక్టర్లు చెప్పిన దుష్ప్రభావాలను రాసుకుని కంపెనీకి తెలియజేయడం వాళ్లకు చట్టపరమైన విధి. మన దగ్గర అలాంటి నియమం లేదు. ఉండాలని నా అభిప్రాయం.

అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ఉద్యోగంలో చేరుతున్న యువతీ యువకులకు ఒక మనవి. "నీ మందు వేసుకున్నాక ఒకావిడకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయయ్యా" అని ఏ డాక్టరైనా అంటే మాట దాటేయకండి. రోగి వయసు, డోసు, ఎన్నాళ్లు వాడారు, వేరే ఏ మందులు వాడుతున్నారు, బ్యాచ్ నంబరు ఏమిటి, ఇవన్నీ అడిగి రాసుకుని ఆ రోజే కంపెనీ భద్రతా విభాగానికి పంపండి. ఘజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ నడిపే జాతీయ మందుల దుష్ప్రభావాల పర్యవేక్షణ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. దానికి ఫోన్ చేయడానికి డాక్టరే కానక్కర్లేదు, మీరూ చేయొచ్చు, మందు వేసుకున్న మనిషీ చేయొచ్చు.